చిన్న గాటు వెనుక పెద్ద ఆపరేషన్

గర్భసంచి తీయించుకోవడం గురించి మన ఊళ్లలో పన్ను పీకించుకున్నంత తేలిగ్గా మాట్లాడుకుంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. లాప్రోస్కోపీ వచ్చాక ఉన్న కాస్త భయం కూడా పోయింది. పెద్ద కోత ఉండదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. అది నిజమే. కానీ చర్మం మీద గాటు చిన్నదైనంత మాత్రాన లోపల జరిగే పని చిన్నదైపోదు.

1988లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో హ్యారీ రైక్ అనే డాక్టరు మొదటిసారి లాప్రోస్కోపీతో గర్భసంచి తీశారు. ఇప్పటికీ పద్ధతి దాదాపు అదే. పూర్తి మత్తు ఇచ్చి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. బొడ్డు దగ్గర గాటులోంచి కెమెరా, పక్కన రెండు మూడు గాట్లలోంచి పరికరాలు వెళతాయి. గర్భసంచిని పట్టి ఉంచే బంధనాలను, రక్తనాళాలను ఒక్కొక్కటే వేడితో మూసి కోస్తారు. సంచిని సాధారణంగా యోని మార్గంలో బయటికి తీసి, యోని పైభాగాన్ని లోపలే కుట్టేస్తారు.

ఇక్కడ ఒక ఇరుకు చోటు ఉంది. గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కిందుగా, సంచి ముఖద్వారానికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో, మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళం సాగుతుంది. వంతెన కింద నీళ్లు అని వైద్య విద్యార్థులు దీన్ని గుర్తుపెట్టుకుంటారు. ధమనిని మూసేటప్పుడు వేడి ఆ నాళానికి తగిలితే అప్పటికేమీ తెలియకపోవచ్చు. కొన్ని రోజుల తర్వాత యోని నుంచి నీళ్లలా కారడమో, నడుము పక్కన నొప్పో, జ్వరమో మొదలవుతుంది. ఇది అరుదే అయినా, పొట్ట కోసి చేసే పద్ధతి కంటే లాప్రోస్కోపీలో కాస్త ఎక్కువ. అందుకే చేసే డాక్టరుకు ఇందులో ఎంత అనుభవం ఉందో అడగడం మర్యాద తప్పడం కాదు.

మర్నాడు చాలామంది భుజం నొప్పి అంటారు. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజానికేమైందని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. మిగిలిపోయిన గ్యాస్ ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే డయాఫ్రాన్ని చికాకు పెడుతుంది. ఆ డయాఫ్రం నరం మెడలో పుడుతుంది, భుజానికి వెళ్లే నరాలూ అక్కడివే. మెదడు ఆ నొప్పిని భుజానిదిగా పోల్చుకుంటుంది. మెల్లగా అటూ ఇటూ నడుస్తుంటే రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది లోపలి కుట్ల విషయంలో. పైగాట్లు పది రోజుల్లో మానిపోతాయి, మనిషి తేరుకున్నట్టే ఉంటుంది. వెంటనే నీళ్ల బిందె ఎత్తుతుంది, గ్యాస్ సిలిండర్ జరుపుతుంది. యోని పైభాగంలోని కుట్లు గట్టిపడటానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు బరువులు వద్దు, కలయిక వద్దు. చిన్న ఆపరేషనే కదా అనే అత్తగారికీ భర్తకూ ఈ మాట డాక్టరు చేతే చెప్పించండి.

పొట్ట మీద ఒక్క గాటూ లేకుండా యోని మార్గంలోనే మొత్తం తీసే పాత పద్ధతి ఒకటుంది. వీలైన చోట అదే మేలని వైద్యులు చెబుతారు. ఖర్చూ తక్కువే. రోబో సాయంతో చేస్తే ఖర్చు పెరుగుతుంది తప్ప, మామూలు జబ్బులకు ఫలితం మెరుగైందని తేలలేదు. ముఖద్వార క్యాన్సర్‌లో అయితే చిన్న గాట్ల పద్ధతి తర్వాత జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2018లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం చూపింది. అక్కడ పెద్ద కోతే క్షేమం.

ఇవన్నీ రెండో ప్రశ్నలు. అసలు తీయాలా అన్నది మొదటి ప్రశ్న. తెల్లబట్ట అవుతోందనో, పుండు ఉందనో, ఇప్పుడు తీయకపోతే క్యాన్సర్ వస్తుందనో చెప్పి ముప్పై ఏళ్లకే తీసేయడం అన్యాయం. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, హార్మోన్ విడుదల చేసే లూప్ ఉంది. గడ్డలుంటే చాలాసార్లు వాటినే తీసి సంచిని ఉంచవచ్చు. అనవసర ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించిందంటే సమస్య ఎంత ముదిరిందో ఊహించండి.

అండాశయాల సంగతి సంతకానికి ముందే తేల్చుకోండి. నెలసరి ఆగని వయసులో రెండూ తీసేస్తే ఆ వారంలోనే ముట్లుడిగిన స్థితి వచ్చిపడుతుంది. ఒంట్లోంచి ఆవిర్లు, నిద్రలేమి, కాలక్రమంలో ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు వెంటవస్తాయి. బలమైన కారణం లేకపోతే వాటిని ఉంచమనండి.

తీసిన సంచిని పరీక్షకు పంపారా అని అడగండి. ఆ బయాప్సీ రిపోర్టును, ఏమేం తీశారో రాసిన డిశ్చార్జి కాగితాన్ని బీరువాలో భద్రంగా దాచుకోండి. ముఖద్వారం మిగిల్చి ఉంటే క్యాన్సర్ పరీక్షలు మానకూడదు. పదేళ్ల తర్వాత కొత్త డాక్టరుకు మీ కడుపులో ఏముందో చెప్పేది ఆ కాగితమే.