మనసునకు ఊరి తోడు

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునుగల సందులలో శిక్షణాలయములకును, వసతిగృహములకును లెక్కలేదు. నలుమూలలనుండియు యువకులు ఉద్యోగవిద్యలకై అచ్చటికి వచ్చుచుందురు. ఆదిలాబాదు ప్రాంతమునుండి వచ్చిన గోండు విద్యార్థికి ఆ గదులలో మంచము దొరకును, దీపము దొరకును. తన మాట మాత్రము దొరకుట అరుదు. దిగులు పుట్టినచో దానిని తల్లిభాషలో చెప్పుకొన వీలులేక అతడు మౌనము వహించును.

చికిత్స ఆ ప్రాంతమునకు దూరము కాదు. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి కలదు. అమీర్‌పేటనుండి మియాపూరు వైపు పోవు మెట్రోలో మూడవ స్టేషనైన ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యాలయము కలదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీమానస్ సేవ, 14416 సంఖ్యకు ఫోను చేసినవారికి ఉచితముగా సలహా నొసగుచున్నది. అయినను మనిషి వైద్యుని గడప యెక్కుటకు ముందే అతనిని నిలబెట్టు బలము మఱియొకటి కలదు. గోండుల పండుగలలో అది కానవచ్చును.

పుష్య అమావాస్యనాటి కేస్లాపూరు నాగోబా జాతరకై మెస్రం వంశమువారు కాలినడకన పోయి గోదావరీజలము తెత్తురు. ఆ సందర్భముననే గతించినవారిని అందఱును కలిసి తలచుకొందురు. కొత్తకోడండ్రను భేటీ అను ఆచారముతో దేవునికి పరిచయము చేయుదురు. దుఃఖించువాడు ఒంటరి కాడు. కొత్తగా వచ్చినది పరాయిది కాదు. దీపావళి దినములలో దండారి బృందములు ఒక గూడెమునుండి మఱియొక గూడెమునకు అతిథులై పోవును. నెమలిపింఛముల కిరీటములు దాల్చి గుస్సాడీలు ఆడుదురు. ఆ నృత్యమునకు 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు 2024లో మరణించెను. ఆయన ఊరు మార్లవాయి.

ఆ మార్లవాయికి మఱియొక చరిత్ర కలదు. భూమికై పోరాడిన కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరగిన పిమ్మట, గోండుల కష్టములను తెలిసికొన నిజాం ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్తను నియోగించెను. ఆయన మార్లవాయిలో నివసించెను. గోండీలోనే చదువు నేర్పు ఏర్పాటు ఆ దశకముననే అచ్చట మొదలయ్యెను. భూమి కోల్పోయినవాని వేదనకు మాత్రలే చాలవు. భూమియు, భాషయు గూడ స్వస్థతకు ఆధారములే.

న్యూజిలాండులో మావోరీ మనోవైద్యుడు మేసన్ డ్యూరీ 1980 దశకమున ఆరోగ్యమును నాలుగు గోడల యింటితో పోల్చెను: దేహము, మనస్సు, ఆత్మ, కుటుంబము. ఒక గోడ కూలినను ఇల్లు నిలువదు. ఈ మాట చెప్పినవాడు ఆ జాతివాడే యగుట గమనింపదగినది. తమ మనసునకు ఏమి కావలయునో నిర్ణయించుటలో ఆదివాసులే ముందుండవలయును.

ఆచారము మందునకు బదులు కాదు. లేని మాటలు వినవచ్చుచున్నవనువానిని, ప్రాణము తీసికొన దలచువానిని ఆలస్యము లేక వైద్యునియొద్దకు గొనిపోవలయును. ఆ స్థితి రాకముందు ఉపాధ్యాయుడు చేయదగిన పని యొకటి కలదు. దీపావళి దగ్గఱపడినపుడు ఆ విద్యార్థిని చేరబిలిచి, “ఈ యేడు దండారికి ఊరికి పోవుచున్నావా, నాయనా?” అని యడుగవచ్చును. నెలలతరబడి మూగవోయిన పిల్లవాడు ఆ ప్రశ్నకు తప్పక తల యెత్తును.