పిల్లి పక్కకు అత్తరెందుకు?

నోయిడా అథారిటీ 2022 నవంబరులో కుక్కలతో పాటు పెంపుడు పిల్లులకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి, 2023 జనవరి 31 దాకా గడువిచ్చింది. పిల్లి కాగితాలకెక్కింది. కానీ అది రోజులో సగానికి పైగా పడుకునే బొంతను ఎలా ఉతకాలన్న దగ్గర మాత్రం ఇప్పటికీ సొసైటీ వాట్సాప్ గ్రూపుల మాటే చెల్లుతోంది. ఆ మాటల్లో కొన్ని వట్టి కబుర్లు. కొన్ని పిల్లి ప్రాణం తీసేవి.

అపోహ: ఒళ్లంతా తనే నాక్కుంటుంది, దాని పక్క వేరే ఉతకాలా?

నాక్కుంటుంది కాబట్టే ఉతకాలి. ఆయాసం తెప్పించేది పిల్లి వెంట్రుక అని మన ఇళ్లలో గట్టి నమ్మకం. అసలు దోషి ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి లాలాజలంలోనూ చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. నాకినప్పుడు బొచ్చుకు పట్టి, ఆరి, సన్నటి పొడిగా రాలి బొంతలో చేరుతుంది. దులిపితే గాల్లోకి లేచి గంటల తరబడి తేలుతుంది. వెంట్రుకలు ఏరేస్తే సరిపోదు, వారానికోసారి ఉతకాల్సిందే. ఏరే పనేదో ఉతికే ముందు, బట్ట పొడిగా ఉన్నప్పుడే కానివ్వండి. తడిస్తే బొచ్చు బట్టకు అతుక్కుపోతుంది, మిగిలింది మెషీన్ ఫిల్టరులో ముద్దకడుతుంది.

అపోహ: నీళ్లలో మూతెడు డెటాల్, బొంత కింద రెండు కలరా ఉండలు, కాస్త కర్పూరం. ఇక పురుగూ పుట్రా రావు.

అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. డెటాల్‌లోని క్లోరోక్సిలెనాల్, నేల తుడిచే ఫినాయిళ్లలో కొన్ని ఆ జాతివే. కలరా ఉండల్లోని నాఫ్తలీన్, కర్పూరం, టీట్రీ నూనె కూడా దానికి విషమే. బొంతకు అంటింది పాదాలకు అంటుతుంది, పాదాలకు అంటింది నోట్లోకి పోతుంది. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు బొంత మీద చల్లారంటే పిల్లికి మూర్ఛలు రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. బట్టలకు ఘుమఘుమలద్దే ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా వద్దు. ఆ తరహా రసాయనాలు నాలుకకు తగిలితే పిల్లికి నోరు పూసే ప్రమాదముంది.

వాసన లేని డిటర్జెంటు కొద్దిగా వేసి, రెండుసార్లు జాడిస్తే చాలు. నోయిడాలో చాలాచోట్ల కుళాయిలో వచ్చేది కఠినజలం. నురగ రాలేదని మరో గుప్పెడు పొడి వేస్తాం, ఆ పొడే బట్టలో మిగిలిపోతుంది.

అపోహ: మే ఎండలో పడేస్తే ఉతికినట్టే.

ఇందులో సగం నిజముంది. 45 డిగ్రీల ఎండకు, లూ అనే వడగాలికి పురుగు కొంత చస్తుంది. కానీ ఫెల్ డి 1 ప్రోటీన్ ఎండకు ఎగిరిపోదు. పైగా ఫ్లీలనే చిన్న పురుగుల్లో పిల్లి ఒంటి మీద మనకు కనిపించేవి మొత్తంలో కొన్నే. గుడ్లు, లార్వాలు, గూళ్లలోని ప్యూపాలు బొంత కుట్లలో, సోఫా సందుల్లో దాక్కుంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఉండే ఉక్క వాటికి పండగ. 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే చస్తాయి. మెషీన్‌లో హీటర్ లేకపోతే బకెట్లో వేడినీళ్లు పోసి నానబెట్టండి. పిల్లికి కూడా డాక్టరు చెప్పిన మందు వేయకపోతే వారంలో మళ్లీ మొదటికొస్తుంది.

పిల్లి నుంచి మనకు అంటుకునే తామరకు మాత్రం వేడికన్నా కుదుపు ముఖ్యం. ఆ బూజు బీజాలు నెలల తరబడి బతుకుతాయి. డ్రమ్ము కుక్కేయకుండా, పొడవైన సైకిల్‌లో రెండుసార్లు ఉతికితే పోతాయి.

డిసెంబరు, జనవరిలో ఇక్కడ మంచు కమ్మి రోజుల తరబడి సూర్యుడు కనిపించడు. అట్టా మార్కెట్లో కొన్న లావుపాటి కుషన్ లోపల తడిగానే ఉండి బూజు పడుతుంది. దానికంటే ఊరి నుంచి తెచ్చుకున్న పాత నేత చీరలతో కుట్టిన పల్చని బొంతలు రెండు మూడు నయం, ఫ్యాను గాలికే ఆరిపోతాయి.

అపోహ: ఉతికితే పాత వాసన చుక్క కూడా మిగలకూడదు.

పిల్లి బుగ్గలు రాసి తన వాసన అంటించుకున్న చోటే నిశ్చింతగా పడుకుంటుంది. అన్నీ ఒకేసారి ఉతికేస్తే కొత్తచోటికి వచ్చినట్టు బెదురుతుంది. ఒకటి ఉతికితే ఒకటి ఉంచండి.

అపోహ: బొంత మీద మూత్రం పోస్తే పొగరు.

చాలాసార్లు అది జబ్బు, లేదా భయం. మరకకు ఎంజైమ్ క్లీనర్ వాడండి. బ్లీచింగ్ వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. మగపిల్లి పదేపదే కూర్చుని చుక్క కూడా పోయలేకపోతుంటే మాత్రం ఉతుకుడు సంగతి వదిలేసి వెంటనే వెటర్నరీ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది.