దబ్బనంతో కుట్టిన 'తోకచుక్క'

జపాన్ పిల్లలు తమకిష్టమైన బొమ్మల కథల్ని దుకాణంలో కొని అరల్లో పేర్చుకుంటారు. మన మిర్చి, పత్తి పల్లెల్లో ఒకప్పుడు ఆ పుస్తకాన్ని పాఠకులే తయారుచేసుకున్నారు... నెలకో ముక్క చొప్పున! ఆ పిచ్చే లేకపోతే తెలుగువాళ్ల బాల్యంలో ఓ పెద్ద ముక్క ఎప్పుడో చెదలపాలయ్యేది.

మనవడు మంచం మీద బోర్లా పడుకుని పుస్తకం చదువుతున్నాడు. పేజీలు మాత్రం చివరినుంచి మొదటికి తిప్పుతున్నాడు.

'అదేంట్రా, తిరగేసి చదువుతున్నావు?'

'ఇది మాంగా తాతయ్యా. జపాన్ వాళ్లది. కుడి నుంచి ఎడమకే చదవాలి.'

'కథేంటి?'

'రాక్షసులతో పోరాడే కుర్రాడి కథ. మొత్తం ఇరవై మూడు భాగాలు. నా దగ్గర పదకొండే ఉన్నాయి. మిగతావి కొనాలి.'

'చదివేసిన కథేగా, మళ్లీ కొనడం ఎందుకట?' అంటుంది వంటింట్లోంచి నానమ్మ. తాతయ్య మాత్రం ఏమీ అనడు. లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరుస్తాడు. అట్ట చిరిగిన ఓ బొత్తి తెచ్చి మనవడి ముందు పెడతాడు. మొదటి పేజీలో కత్తులు, ఓడలు, ఒంటికన్ను మాంత్రికుడు!

నరసరావుపేటలోనైనా, చిలకలూరిపేటలోనైనా, ఒంగోలులోనైనా ఈ ముచ్చట జరగొచ్చు. మనవడి చేతిలో ఉన్నది జపాన్‌లో 2016 నుంచి 2020 దాకా వారం వారం సీరియల్‌గా వచ్చిన 'డీమన్ స్లేయర్'. దాని సినిమా 2025 సెప్టెంబరులో తెలుగు మాటలతో మన థియేటర్లకూ వచ్చింది. తాతయ్య తెచ్చింది 1954లో మొదలైన 'తోకచుక్క'. చందమామ సీరియల్. రెండింటి మధ్యా అరవై ఏళ్ల దూరం, ఓ సముద్రం దూరం. పిచ్చి మాత్రం ఒక్కటే!

ఒకే ఏడాది పుట్టిన కవలలు

ఈ పోలికలో ఓ తమాషా ఉంది. జపాన్‌లో 'మాంగా దేవుడు' అని పిలుచుకునే ఒసాము తెజుకాకు పేరు తెచ్చిన 'కొత్త నిధుల దీవి' బొమ్మల పుస్తకం 1947లో వచ్చింది. యుద్ధంలో కాలిపోయిన దేశంలో పిల్లలు దానికోసం ఎగబడ్డారు. అదే ఏడాది జులైలో, స్వాతంత్య్రం రావడానికి సరిగ్గా నెల ముందు, మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మొదలుపెట్టారు.

అచ్చయింది మద్రాసులో. ఆ మాటల్లో వినిపించేది మాత్రం చాలావరకు తెనాలే. చక్రపాణి పుట్టింది తెనాలి ఐతానగరంలో. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రిక బాధ్యత మోసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. కథ ఎవరు పంపినా ఆయన కలం కిందినుంచి వెళ్లాల్సిందే. అందుకే సంచిక మొత్తం ఒకే గొంతుతో మాట్లాడినట్టుంటుంది. సంస్కృత సమాసాల బరువుండదు. అరుగుమీద కూర్చుని పెద్దవాళ్లెవరో చెబుతున్నట్టే ఉంటుంది.

ఇక పిల్లల్ని నెలంతా నిద్రపోనివ్వని సీరియళ్లు రాసిందెవరు? ఆయనా ఈ చుట్టుపక్కలవారే. తెనాలి దగ్గర్లోని చినగాదెలవర్రులో 1932లో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం. ఇరవై ఏళ్ల వయసులో చందమామలో చేరి, 2006 దాకా అక్కడే పనిచేశారు.

పేరు లేని పేరు

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. వరసగా చదువుతుంటేనే వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఈ పన్నెండూ ఆయనవే. సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు లాంటి పాత్రల్ని ఈనాటికీ ఇంటి మనుషుల్లా తలచుకునేవాళ్లున్నారు. కథకు సగం బలం 'చిత్ర' గీసిన బొమ్మలు. మొసలి నోరు తెరిస్తే ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టుకునేవారు పిల్లలు. ప్రతి భాగమూ సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోటే ఆగిపోయేది. కింద రెండే మాటలు... ఇంకా ఉంది!

ఇప్పటి పిల్లలు చదివే జపాన్ 'లైట్ నవలలు' కూడా ఇలాంటివే. జేబులో పట్టే పుస్తకం, కుర్రకారుకు నచ్చే సాహసం, తేలిక మాటలు, మధ్యమధ్యలో బొమ్మలు. పేరు కొత్తదే కానీ రుచి మనకు పాతదే.

కానీ ఒక్క తేడా. జపాన్‌లో రచయిత పేరు అట్టమీద పెద్దక్షరాల్లో ఉంటుంది. చందమామ సీరియళ్ల మీద దాసరి పేరు ఉండేది కాదు. బొమ్మ కింద 'చిత్ర' సంతకం కనిపించేది. కథ కింద ఏమీ కనిపించేది కాదు. కుటుంబరావో, చక్రపాణో రాస్తున్నారనుకున్నవాళ్లు చాలామంది. తన కథలకోసం లక్షలమంది పిల్లలు నెలంతా ఎదురుచూస్తుంటే, ఆ రాసిందెవరో తెలియకుండానే ఆయన దశాబ్దాలపాటు బల్ల ముందు కూర్చుని రాసుకుంటూ పోయారు.

టిక్కీలు కుట్టే దబ్బనమే...

జపాన్‌లో మాంగా మొదట పత్రికలో వస్తుంది. అక్కడి 'షోనెన్ జంప్' వారపత్రిక తొంభైల మధ్యలో ఒక్కో సంచిక అరవై లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు, చవక కాగితం. చదివేసి పక్కన పడేసినా ఎవరూ బాధపడరు. ఎందుకంటే కొన్ని నెలలకు అవే భాగాలు మంచి కాగితంమీద చిన్న పుస్తకాలుగా వస్తాయి. అభిమాని దాచుకునేది వాటినే. అంటే పోగేసే పని సగం ప్రచురణకర్తే చేసిపెడతాడు.

చందమామ సీరియళ్లకు ఆ భాగ్యం లేదు. 'తోకచుక్క'ను మళ్లీ మొదటినుంచి చదవాలంటే అప్పట్లో దుకాణంలో దొరికే పుస్తకమేదీ లేదు. ఒక్కటే దారి. ప్రతి సంచికలోంచీ సీరియల్ పేజీల్ని జాగ్రత్తగా విడదీయడం, అన్నీ చేరాక కుట్టుకోవడం!

మిర్చి పండే ఊళ్లలో కుట్టడానికి కొరతేముంది! టిక్కీలు కుట్టే దబ్బనం, పురికొస చాలు. పెళ్లి శుభలేఖల అట్టో, పాత క్యాలెండరో పైన. దానిమీద సిరాతో పెద్దక్షరాల్లో పేరు. కాస్త డబ్బున్న ఇళ్లలో అయితే కాలికో గుడ్డతో బైండు. ఇలా తెలుగునేల మీద ఎన్ని ఇళ్లలో ఎన్ని 'తోకచుక్క'లు పుట్టాయో! ఏ రెండింటి అట్టా ఒకేలా ఉండదు.

చిక్కల్లా ఒక్క సంచిక తప్పిపోతేనే. పక్కింటివాళ్లు తీసుకెళ్లి ఇవ్వకపోయినా, తమ్ముడు పడవ చేసి కాలవలో వదిలినా కథకు గండి పడ్డట్టే. ఆ ఒక్క భాగంకోసం చుట్టాలిళ్లు వెతకాలి. పెళ్లికెళ్లినా కళ్లు పెళ్లికొడుకు మీద ఉండవు, అటక మీద ఉంటాయి. పాత పుస్తకాల దుకాణం కనిపిస్తే బస్సు వెళ్లిపోయినా ఫర్వాలేదు. ఇప్పటి కుర్రాడు పన్నెండో భాగంకోసం పడే ఆరాటం, తాతయ్య ఆరో భాగంకోసం పడ్డ ఆరాటం... వేరువేరు కాదు.

ఈ కోతల వల్ల నష్టమూ జరిగింది. సీరియల్ చివరి పేజీ వెనక మరో కథ మొదలయ్యేది. సీరియల్ నిలిచింది, ఆ కథకు తల తెగింది. నిండు సంచికలు కావాలనుకునే సేకర్తలు పేజీలు చించినవాళ్లను తిట్టుకుంటారు. సీరియల్ మొత్తం ఒక్కచోట ఉందని మురిసిపోయేవాళ్లు ఆ తిట్లు పట్టించుకోరు. ఇద్దరిదీ ప్రేమే!

రోజుకు ఇంతని అద్దె

కాస్త మీసం రాగానే రుచి మారేది. చందమామ తమ్ముడికిచ్చి అన్నయ్య అద్దె పుస్తకాల కొట్టు దారి పట్టేవాడు. చేతిలో ఇమిడే పాకెట్ పుస్తకం, అట్టమీద పిస్తోలు. డిటెక్టివ్ యుగంధర్‌ని సృష్టించిన కొమ్మూరి సాంబశివరావుదీ తెనాలే. తర్వాతి తరానికి మధుబాబు 'షాడో' వచ్చాడు. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివి, సాయంత్రంలోగా తిరిగిస్తే ఒకరోజు అద్దెతో సరి.

వీటిని పెద్దలు పుస్తకాలుగా లెక్కించలేదు. గ్రంథాలయాలూ పెద్దగా పట్టించుకోలేదు. చేతులు మారీ మారీ నలిగి, పకోడీ పొట్లాలయ్యాయి. అందుకే ఇవాళ మొదటి ముద్రణ కాపీ కనిపిస్తే సేకర్తలకు పండగే.

సరిగ్గా ఇదే కథ జపాన్‌లోనూ జరిగింది. అక్కడ యుద్ధం తర్వాతి రోజుల్లో అద్దెకిచ్చే మాంగా పుస్తకాలుండేవి. వాటినీ చెత్తగానే చూశారు. టోక్యోలో అద్దె పుస్తకాల దుకాణం నడిపిన నైకి తోషియో అనే యువకుడికి మాత్రం మనసొప్పలేదు. దాచడం మొదలుపెట్టాడు. 1978లో ఆ సొంత సేకరణతోనే మాంగా గ్రంథాలయం తెరిచాడు. తర్వాత ఆ సంపద మెయిజీ విశ్వవిద్యాలయం చేతికి చేరింది. 2006లో క్యోటో నగరంలో ఓ పాత బడి భవనంలో ఏకంగా మాంగా మ్యూజియమే వెలసింది. ఒకనాటి 'పనికిమాలిన పుస్తకాలు' ఇప్పుడు పరిశోధకుల బల్లమీద ఉన్నాయి.

ఆఖరికి మిగిలింది ఎవరి దగ్గర?

చందమామ పన్నెండుకు పైగా భాషల్లో వెలిగింది. 1998లో కొంతకాలం ఆగి, మళ్లీ మొదలైంది. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ సంస్థ చేతికి వెళ్లింది. మరికొన్నేళ్లకే అచ్చు పూర్తిగా ఆగిపోయింది. పాత సంచికలు ఉంచిన కంపెనీ వెబ్‌సైటూ తర్వాత కనుమరుగైంది. అరవై ఏళ్లకు పైబడిన పత్రిక... చూసుకోవడానికి సొంత ఇల్లంటూ లేకుండా పోయింది.

అప్పుడు అక్కరకొచ్చినవి ఆ ట్రంకుపెట్టెలే. దేశవిదేశాల్లో ఉన్న తెలుగు అభిమానులు తమ దగ్గరున్నవి తీశారు. నా దగ్గర 1956 ఉంది, నీ దగ్గర 1957 ఉందా అని అడిగి తెలుసుకున్నారు. లేని సంచికల్ని వెతికి, పేజీ పేజీ స్కాన్ చేశారు. ఆ వెతుకులాటలోనే, ఇంతకీ ఇవి రాసిందెవరన్న ప్రశ్నకూ జవాబు పదిమందికీ తెలిసింది. 2010 జనవరిలో దాసరి సుబ్రహ్మణ్యం కన్నుమూసేనాటికి ఆయన పేరు పాఠకుల నోళ్లలో ఉంది. వాహిని బుక్ ట్రస్ట్ ఆయన రచనలు కొన్నిటిని పుస్తకాలుగానూ తెచ్చింది. పేరు లేకుండా బతికిన రచయితకు పేరు తెచ్చింది పత్రిక కాదు, పాఠకుడు!

ఇలా దాచిపెట్టడం ఈ నేలకు కొత్తేం కాదు. ఒకప్పటి ప్రకాశం జిల్లాలో, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం 1918లో కొందరు యువకుల ఉత్సాహంతో మొదలైందే. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికలకోసం పరిశోధకులు ఈనాటికీ అక్కడికి వెళ్తుంటారు. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి పునాది, లంకా సూర్యనారాయణ అనే పుస్తకప్రియుడు జీవితకాలం కూడబెట్టిన పుస్తకాలే. గ్రంథాలయమైనా, ట్రంకుపెట్టె అయినా మొదలు మాత్రం ఒక్కటే... 'పారేయొద్దు' అన్న ఒక్క మాట.

మీ అటక మీద ఉన్నాయా?

ఉంటే మొదట చేయాల్సింది తుప్పు పట్టిన పిన్నుల్ని మెల్లగా తీసేయడం. కాగితాన్ని ముందుగా తినేది ఆ తుప్పే. చిరిగిన చోట ప్లాస్టిక్ టేపు అంటించకండి, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకవుతుంది. బైండు చేయిస్తే అంచులు ఎక్కువ కోయొద్దని గట్టిగా చెప్పండి. చాలా బొమ్మలకు పాదాలు పోయింది అక్కడే! మైదా జిగురంటే పురుగులకు విందు, అందుకే పాతకాలం బైండర్లు అందులో కాస్త మైలుతుత్తం కలిపేవారు. అది విషం కాబట్టి ఆ పని వాళ్లకే వదిలేయండి. నేలమీదా, గోడకు ఆనించీ పెట్టొద్దు, చెదలకు దారి అదే. ఎండిన వేపాకు వేసినా, ఆరునెలలకోసారి తీసి నీడలో గాలికి ఆరబెట్టడం మాత్రం మానొద్దు. నేరుగా ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పిల్లలకు చూపించడం. ఎవరికీ తెలియని పెట్టె ఏదో ఒకరోజు పాత సామాన్లతో కలిసి తూకానికి వెళ్తుంది.

మళ్లీ ఆ తాతామనవళ్ల దగ్గరికే వెళ్దాం. మనవడు బొత్తి సగం దాకా తిప్పి ఆగిపోయాడు.

'తాతయ్యా, ఇక్కడో భాగం లేదు.'

'అవునురా. అరవై ఏళ్లుగా వెతుకుతున్నా.'

కుర్రాడు పక్కనే ఉన్న ఫోన్ అందుకున్నాడు. 'ఏ నెల?'