బేరియాట్రిక్ సర్జరీ తర్వాత బరువు నిలిచిపోతే

బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవారిలో దాదాపు అందరికీ ఏదో ఒక దశలో బరువు తగ్గడం ఆగిపోతుంది. వెయింగ్ మిషన్ మీద వారాల తరబడి అదే అంకె కనిపిస్తుంది. ఈ ఆగడం రెండు రకాలు. ఆపరేషనైన కొద్ది వారాలకే వచ్చేది ఒకటి, ఏడాది ఏడాదిన్నర గడిచాక వచ్చేది మరొకటి. కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు. ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్లే చాలామంది తిండి మరింత తగ్గించుకుని నీరసపడతారు.

మొదటి దానికి మూలం నీరు. శరీరం గ్లూకోజును గ్లైకోజెన్‌గా మార్చి కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. పెద్దవారిలో ఈ నిల్వ సుమారు అరకిలో ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆపరేషన్ తర్వాత ద్రవాహారం మీదే ఉన్న రోజుల్లో ఈ నిల్వ ఖర్చవుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. తొలి రోజుల్లో గబగబా తగ్గిన కిలోల్లో చాలా భాగం ఇదే. మూడో వారం ప్రాంతంలో మెత్తటి ఆహారం మొదలవుతుంది. గ్లైకోజెన్ కొంత మళ్లీ నిండుతుంది, నీరు వెనక్కి వస్తుంది. ఈలోగా కొవ్వు కరుగుతూనే ఉన్నా, తిరిగి చేరిన నీటి బరువు దాన్ని కప్పేస్తుంది. అందుకే అంకె కదలకపోయినా జాకెట్టు వదులవుతుంది, బెల్టు ఇంకో రంధ్రం లోపలికి వెళ్తుంది. ఈ దశలో డైటీషియన్ ఇచ్చిన పట్టిక ప్రకారం తింటూ, నీళ్లు తాగుతూ ఉంటే చాలు. రోజూ తూచుకునే బదులు వారానికోసారి తూచుకుని, నడుము కొలత రాసిపెట్టుకోవడం మేలు.

రెండోదానికి మూలాలు లోతుగా ఉంటాయి. ఈ సర్జరీల్లో ఒక రకమైన స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. మరో రకమైన బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి మిగిల్చి చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది త్వరగా పేగులోకి చేరడంతో, కడుపు నిండిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరుగుతాయి. ఫలితంగా మొదటి ఆరు నెలల్లో బరువు వేగంగా పడుతుంది. ఆ తర్వాత లెక్క మారుతుంది. 120 కిలోల శరీరాన్ని మోయడానికి కావలసినంత శక్తి 90 కిలోల శరీరానికి అక్కర్లేదు. కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది, దాంతో విశ్రాంతిలో ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. ఇవి చాలవన్నట్టు శరీరం తనంతట తానూ పొదుపు మొదలుపెడుతుంది. బరువు పదో వంతు తగ్గినవారిలో శక్తి వ్యయం, తగ్గిన పరిమాణానికి తగినదానికంటే ఎక్కువగా పడిపోతుందని న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ లీబెల్ బృందం 1995లో చూపింది. తింటున్నదీ ఖర్చవుతున్నదీ సమానమైన చోట బరువు నిలుస్తుంది.

ఆ చోటు ఎక్కడన్నది స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్‌ఓఎస్ (స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్) అధ్యయనం చెబుతుంది. అందులో బైపాస్ చేయించుకున్నవారు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఉంది. అంటే 120 కిలోల మనిషి 82 దాకా దిగి, తర్వాత 90 దగ్గర స్థిరపడినట్టు. దీన్ని వైఫల్యం అనడం అన్యాయం. అంత పెద్ద తగ్గుదలను పదేళ్లపాటు నిలబెట్టడం ఒట్టి డైటింగ్‌తో చాలా అరుదు.

అయితే బరువు అనుకున్నదానికంటే బాగా ముందే ఆగినా, తిరిగి పెరుగుతున్నా వెతకవలసినవి ఉన్నాయి. ముందుగా చూడవలసింది తినే తీరు. గుడ్డు, చేప, చికెన్ చిన్న సంచిలో కాసేపు నిలిచి ఆకలిని ఆపుతాయి. బిస్కెట్లు, చిప్స్, జంతికలు టీతో కలిసి మెత్తబడి జారిపోతాయి, గంటలో మళ్లీ చేయి డబ్బా మీదికి వెళ్తుంది. పూటకు కొద్దిగానే తింటున్నామని నిజాయితీగా చెప్పేవారి లెక్కలో ఈ మధ్య మధ్య చిరుతిళ్లు, పంచదార టీ, పళ్లరసం, మద్యం తరచు చేరవు. నాలుగు రోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ రాస్తే సంగతి తేలుతుంది.

ప్రొటీన్ రోజుకు కనీసం 60 గ్రాములు అందాలి. గుడ్డులో ఆరు గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాముల్లో 25కు పైగా, పనీరు 100 గ్రాముల్లో 18 దాకా, చిన్న గిన్నెడు పప్పులో ఏడెనిమిది ఉంటాయి. అన్నం ముందు పెట్టుకునే మన భోజనంలో, ఇంత చిన్న పొట్టకు, ఆ మొత్తం అందడం కష్టం. అందుకే ముందు గుడ్డో చేపో పప్పో తిని, చోటు మిగిలితేనే అన్నం ముట్టుకోవాలి. నీళ్లు భోజనంతో పాటు కాక, తిన్న అరగంట తర్వాత తాగాలి. నడక మంచిదే కానీ కండను కాపాడేది బరువులెత్తే వ్యాయామం.

మందుల వల్లా బరువు ఆగవచ్చు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మందులు బరువు పెంచుతాయి. డాక్టరును అడిగి మార్చుకోవచ్చు, సొంతంగా మానకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఇంకో సంగతి గమనించాలి. సర్జరీ తర్వాత తప్పనిసరైన కాల్షియం, ఐరన్ మాత్రలు దానితో కలిస్తే థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టదు. నాలుగు గంటల ఎడం కావాలి.

ఉన్నట్టుండి పాత ఆకలి తిరిగొస్తే, ఒక్క పూటలో ఇదివరకటి కంటే బాగా ఎక్కువ పడుతుంటే ఎండోస్కోపీ అవసరం కావచ్చు. సంచి సాగి ఉండవచ్చు, లేదా బైపాస్‌లో వేరుచేసిన పాత జీర్ణాశయంతో మళ్లీ దారి ఏర్పడి ఉండవచ్చు. కొందరికి ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ వంటి మందులు తోడుగా ఇస్తారు. రెండో ఆపరేషన్‌కు మొదటిదానికంటే ముప్పు ఎక్కువ, అది చివరి దారి.

బరువు ఆగిందని మొహం చెల్లక ఆసుపత్రికి వెళ్లడం మానేసేవారు ఉన్నారు. దయచేసి అలా చేయవద్దు. బరువు ఎక్కడ నిలిచినా బి12, ఐరన్, విటమిన్ డి పరీక్షలు ఏటా చేయించుకోవలసిందే, మాత్రలు జీవితాంతం వేసుకోవలసిందే.