కింది ఆకు పండితే గాబరా వద్దు

ఉంగుటూరు: సార్వా వరి పాలు పోసుకునే వేళ దుబ్బు మొదట్లో ఆకులు పసుపు తిరిగితే, చేలో తెగులు పడిందని రైతు గుండె గుభేలుమంటుంది. మందుల కొట్టుకు బయలుదేరేముందు ఒకసారి గట్టు మీద నిలబడి చూడటం మంచిది. చాలాసార్లు ఆ ముసలి ఆకు తనలోని నత్రజనిని వెన్నుకు అప్పగిస్తూ ఉంటుంది.

ఆకులోని నత్రజనిలో ముప్పాతిక వంతు దాకా పత్రహరితం ఉండే రేణువుల్లోనే ఉంటుంది. ఎండతో పిండి తయారుచేసే సరంజామా అదే. ఆకు వయసు మీరగానే మొక్క ఆ సరంజామాలోని మాంసకృత్తులను విప్పి, నీళ్లలో కరిగే పదార్థాలుగా మార్చి, ఈనెల గుండా పైకి పంపుతుంది. పాత ఇల్లు విప్పిన కలపతో కొత్త ఇల్లు కట్టుకున్నట్టే. వరి గింజకు చేరే నత్రజనిలో సగానికి మించి ఇలా ఆకులూ కాడలూ ఇచ్చిందే.

బెట్ట తగిలితే ఈ పని ముందే మొదలవుతుంది. తడి లేకుంటే నేలలో నత్రజని ఉన్నా వేరుకు అందదు. మొక్క కింది ఆకులను వదులుకుని నీటి ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. కానీ పిండి చేసే ఆకులు తొందరగా పోతే గింజ నిండదు, తాలు పెరుగుతుంది. అసలు నష్టం అక్కడ. అప్పుడు కావలసింది తడి. ఎండిన చేలో యూరియా చల్లితే డబ్బు దండగే. ఈనిన తర్వాత వేసినా పెద్దగా ఒరిగేది లేదు, పైగా సుడిదోమను పిలిచినట్టు. పిలకలు వేసే వయసులోనే కింది ఆకులు కొన నుంచి పసుపెక్కితే మాత్రం నత్రజని చాలడం లేదని అర్థం. చిరుపొట్ట దశ లోపు యూరియా వేస్తే పైరు కోలుకుంటుంది.

వరి కోతకు ముందు చల్లే మినుముదీ ఇదే దారి. మిగులు తేమ ఆరేకొద్దీ వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టడం మందగిస్తుంది, కాయలు ఆకుల మీద ఆధారపడతాయి. అయితే లేత ఆకుల మీద పసుపు మచ్చలు వస్తే అది తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులే.

ఆకు త్వరగా పండటం అన్నివేళలా చెరుపు కాదు. అడవి గోధుమలో ఆకును తొందరగా పండించే జన్యువే గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము పెంచుతోందని 2006లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

నూజివీడు మామిడి తోటల్లో పండుటాకు కూడా కొంత నత్రజని కొమ్మకిచ్చే రాలుతుంది. మిగిలింది ఆకులోనే ఉంటుంది. పాదులో కుళ్లనిస్తే అది తిరిగి వేరుకు చేరుతుంది. తగలబెడితే చాలా మటుకు పొగతో పోతుంది.