స్టామ్‌ఫర్డ్‌లో బస ఎక్కడ?

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో స్టామ్‌ఫర్డ్ పాత సంత ఊరు. అక్కడ ఒక్క రాత్రి ఉన్నా సరే, ఊరి మధ్యనున్న పాత సత్రంలోనే దిగాలని నా వాదన. లండన్ నుంచి యార్క్ వెళ్లే గ్రేట్ నార్త్ రోడ్డు ఈ ఊరి గుండానే సాగేది. ఆ ప్రయాణికుల పుణ్యాన ఊరు బతికింది. అలాంటి పాత సత్రమైన జార్జ్ హోటల్ ముందు రోడ్డుకు అడ్డంగా, ఈ వైపు నుంచి ఆ వైపుకు వేసిన దూలం మీద దాని పేరు ఇప్పటికీ వేలాడుతుంది. లోపల రెండు తలుపుల మీద ‘లండన్’, ‘యార్క్’ అని ఉంటుంది. ఏ దిక్కు బండి ఎక్కేవాళ్లు ఆ దిక్కు గదిలో కూర్చునేవారు. తర్వాత ప్రధాన రైలు మార్గం పీటర్‌బరో మీదుగా పోయింది, గుర్రపు బళ్ల బేరం పడిపోయింది. ఊరు పెద్దగా పెరగలేదు కాబట్టే పాత రాతి ఇళ్లు మిగిలాయి. 1967లో ఇంగ్లండ్‌లో తొలి పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది ఈ ఊరినే.

అద్దె మండిపోతుంది కదా అంటారు. నిజమే. పాత కట్టడాల్లో మెట్లు ఇరుకు, పెద్దవాళ్లకు ఇబ్బందే. పీటర్‌బరోలో గది తీసుకుంటే రైల్లో పావుగంట ప్రయాణం. కానీ చూడవచ్చినవాళ్లు వెళ్లిపోయాక సాయంత్రం వీధులెలా ఉంటాయో, శుక్రవారం పొద్దున్నే సంత దుకాణాలు ఎలా లేస్తాయో అలా వచ్చేవాళ్లకు తెలియదు. డబ్బే అడ్డమైతే పబ్బు మేడ మీది గదులో, పొద్దున టిఫిను పెట్టే ఇళ్లో చూసుకోవచ్చు. ఊరి పక్కనున్న బర్లీ హౌస్ బంగళా ఆవరణలో గుర్రపు పోటీలు జరిగే సెప్టెంబరు మొదటి రోజుల్లో మాత్రం నెలల ముందే గది పట్టుకోవాలి.