సర్కారు విత్తనం ఎవరి సొత్తు?

ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డున పోతే హయత్‌నగర్ వస్తుంది. అక్కడ ఒక సర్కారు పరిశోధనా క్షేత్రం ఉంది. సంతోష్‌నగర్‌లో 1985లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థది అది. వాననే నమ్ముకున్న ఎర్ర చెల్కల్లో ఆముదం, కంది, జొన్న ఎట్లా పండించాలి, కురిసిన నీటిని చేనులోనే ఎట్లా ఆపాలి అన్నదే అక్కడి పని.

ఈ పని ఏ కంపెనీ అయినా చేస్తుందా? చేయదు. రైతు తన కందుల్లోంచే మళ్లీ విత్తనం తీసుకుంటాడు. వాలుకు అడ్డంగా దున్నమని చెప్పినందుకు ఎవడూ బిల్లు వేయలేడు. లాభం లేనిచోట పెట్టుబడిదారు కాలు పెట్టడు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

భరించినప్పుడు ఏమైందో మనకు తెలుసు. మార్టేరు కేంద్రం 1982లో స్వర్ణ వరినిచ్చింది. బాపట్ల 1986లో సాంబ మసూరినిచ్చింది. రాజేంద్రనగర్ 2015లో తెలంగాణ సోనానిచ్చింది. రైతు గింజలు దాచుకున్నాడు, పొరుగువానికి పెట్టాడు. రాయల్టీ అడిగినవాడు లేడు.

పత్తి సంగతి చూడండి. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 పైనే అమ్మారు. అందులో పెద్ద వాటా మోన్‌శాంటో రాయల్టీయే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ మెట్లెక్కాకనే ధర రూ.750కి దిగింది. అయినా హైబ్రిడ్ విత్తనం ఏటేటా కొనక తప్పదు.

పరిశోధనపై పెట్టే ప్రతి రూపాయికి రూ.13.85 ఫలితం వస్తుందని 2023-24 ఆర్థిక సర్వేనే రాసింది. కానీ వ్యవసాయోత్పత్తి విలువలో పరిశోధనకు దక్కేది అర శాతం లోపే! పైగా ఉన్న భూములకూ ఎసరు. రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయాల భూమి 100 ఎకరాలను కొత్త హైకోర్టుకు కేటాయించారు. విద్యార్థులు ఆందోళన చేసినా, 2024 మార్చిలో శంకుస్థాపన జరిగిపోయింది. కోర్టు ఎక్కడైనా కట్టవచ్చు. ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన నేలను మళ్లీ ఎక్కడ తెస్తారు?

కూలీలకు దీనితో ఏం పని అంటారా? చేను ఎండితే ముందు పోయేది కూలి దినాలే. విత్తనం ఖర్చు పెరిగితే బిగించేది కూలి రేటునే. అందుకే పరిశోధన ఎవరి కోసమని మనం నిలదీయాలి. నడుం విరగని కలుపు పనిముట్టు, చిన్న కమతానికి తట్టుకునే పంట కావాలి.

వ్యవసాయోత్పత్తి విలువలో కనీసం 1 శాతం ప్రభుత్వ పరిశోధనకు ఇవ్వాలి. ఖాళీ పోస్టులు నింపాలి. పరిశోధనా భూములను ముట్టరాదు. ఏ పరిశోధన జరగాలో తేల్చేచోట పేద రైతుకు, కూలీకి చోటు ఉండాలి. ఈ డిమాండ్లను ప్రతి గ్రామసభలో వినిపిద్దాం!